పాత కారుకు వేరే మోడల్ సస్పెన్షన్: ఏది తీసుకోవాలి, ఏది వదిలేయాలి

ప్రశ్న: నా దగ్గర 22 ఏళ్ల చిన్న సెడాన్ ఉంది. ముందు స్ట్రట్లు (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన గొట్టాలు), వెనక టోర్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలనూ కలిపే దూలం). ఇంజన్ బాగుంది, బాడీకి తుప్పు లేదు. కానీ వేగం 80 దాటితే కారు పైకీ కిందికీ ఊగుతుంది, మలుపుల్లో బాగా ఒరుగుతుంది, బ్రేకు నొక్కితే ముక్కు దిగిపోతుంది. అదే కంపెనీ తర్వాత తెచ్చిన పెద్ద మోడల్‌ను ఒక స్నేహితుడు విడిభాగాలుగా అమ్మేస్తున్నాడు. ముందు స్ట్రట్లు, స్ప్రింగులు, లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని కింద నుంచి బాడీకి కలిపేవి), స్టెబిలైజర్ బార్ (కారు ఒరగకుండా రెండు ముందు చక్రాలనూ కలిపే కడ్డీ) అన్నీ కలిపి ఇస్తానంటున్నాడు. మా మెకానిక్ బోల్టులు సరిగ్గా కూర్చుంటాయని, వేసేద్దామని అంటున్నాడు. వేయించుకోవచ్చా? పాత కారును పాడుచేసుకుంటానేమోనని టెన్షన్‌గా ఉంది.

సమాధానం: స్టెబిలైజర్ బార్ తీసుకోండి. లోయర్ ఆర్మ్‌ల సంగతి కొలిచి చూశాకే తేల్చాలి. స్ట్రట్లు, స్ప్రింగులు మాత్రం వద్దు. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ మెకానిక్ మాట అబద్ధం కాదు. బోల్టులు కూర్చుంటాయి. కానీ సస్పెన్షన్ విషయంలో బోల్టు కూర్చోవడం మొదటి మెట్టు మాత్రమే. ఆ పెద్ద కారులోని స్ప్రింగును, షాక్‌ను (ఊగడాన్ని ఆపే షాక్ అబ్జార్బర్‌ను) ఆ కారు బరువు చూసి తయారు చేశారు. మీరు తెచ్చుకునేది ఇనుప ముక్కను మాత్రమే కాదు, ఇంకో బరువుకు చేసిన లెక్కను కూడా.

అంతకంటే ముందు ఒక మాట. మీరు రాసిన లక్షణాలు చూస్తే మీ కారు సస్పెన్షన్ బలహీనమైనదని నాకు అనిపించడం లేదు, అరిగిపోయిందని అనిపిస్తోంది. గుంత దాటాక కారు రెండు మూడు సార్లు ఊగుతోందంటే షాక్‌లు పని మానేశాయి. బ్రేకు వేసినప్పుడు ముక్కు ఒక్కసారిగా దిగడానికి కూడా చాలావరకు అదే కారణం, దానికి లోయర్ ఆర్మ్ బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగులు) చిరిగి ఉండటం తోడవుతుంది. 22 ఏళ్లలో రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది, కారు తక్కువ తిరిగినా సరే. ఈ కారు కొత్తగా ఉన్నప్పుడు ఎలా నడిచేదో మీకు గుర్తుందా? సెకండ్ హ్యాండ్‌లో కొన్నదైతే మీరు దాన్ని అసలు చూసే ఉండరు. పాత కార్లవాళ్లు చాలామంది ఈ దశను దాటేసి నేరుగా మార్పుల్లోకి దిగుతారు. నాకు అది బాధగా ఉంటుంది, ఎందుకంటే మంచి కారొకటి వాళ్ల చేతిలోనే ఉండి వాళ్లకు తెలియకుండా పోతుంది.

కాబట్టి ముందు ఒక పూట కేటాయించి కారు కిందికి వెళ్లండి. స్ట్రట్ గొట్టం మీద నూనె తడి ఉందా, దానికి దుమ్ము అంటుకుని నల్లగా పట్టిందా చూడండి. లోయర్ ఆర్మ్ బుష్ దగ్గర ఒక ఇనుప కడ్డీ పెట్టి మెల్లగా కదిపితే రబ్బరు చిరిగిందో లేదో తెలుస్తుంది. ఒకరిని స్టీరింగ్‌ను అటూ ఇటూ తిప్పమని, మీరు స్ట్రట్ పైమౌంట్ (స్ట్రట్‌ను పైన బాడీకి పట్టి ఉంచేది) మీద చెయ్యి వేసి ఉంచండి, బేరింగ్ పోయి ఉంటే చేతికి గరగర తెలుస్తుంది. టైరు మీద అక్కడక్కడా గిన్నెల్లా అరుగుదల ఉంటే అది అలిసిపోయిన షాక్ చేసిన పనే కావచ్చు. బానెట్ మూల మీద చేత్తో నొక్కి వదిలే పరీక్ష అందరూ చేస్తారు. పూర్తిగా చచ్చిపోయిన షాక్‌ను మాత్రమే అది పట్టిస్తుంది. సగం పోయినదాన్ని పట్టించదు, ఎందుకంటే చేత్తో నొక్కినప్పుడు వచ్చే వేగం చాలా తక్కువ. టైర్ల వయసు, గాలి ఒత్తిడి కూడా ఈ పూటలోనే చూసేయండి.

ఇక బరువు లెక్క. అంకెలు నావి, ఉదాహరణకు తీసుకున్నవి. మీ కారు అసలు అంకెలు వేబ్రిడ్జి మీద ముందు చక్రాలను, వెనక చక్రాలను విడివిడిగా తూయిస్తే వస్తాయి. మీ కారు ముందు భాగం 600 కిలోలు అనుకుందాం. ఒక్కో చక్రం వైపు 300. అందులో చక్రం, బ్రేకు, హబ్ లాంటివి స్ప్రింగు మోయదు. వాటికి 35 కిలోలు తీసేస్తే స్ప్రింగు మోసేది 265 కిలోలు. మీ స్ప్రింగు ఒక మిల్లీమీటరు నొక్కుకోవడానికి 2 కిలోలు కావాలనుకుంటే, ఆ మూల తనంతట తాను సెకనుకు దాదాపు 1.4 సార్లు ఊగుతుంది. సాధారణ కార్లను సెకనుకు 1 నుంచి 1.5 సార్ల మధ్య ఉండేలా చేస్తారు, మనిషి ఒంటికి అది హాయిగా ఉంటుంది గనుక. పెద్ద కారులో ఒక్కో ముందు స్ప్రింగు 350 కిలోలు మోస్తుందనుకోండి. దాని స్ప్రింగు మిల్లీమీటరుకు 2.8 కిలోలు. ఆ కారులో అది కూడా 1.4 సార్లే ఊగుతుంది. అంటే ఆ స్ప్రింగు గట్టిది కాదు, ఆ బరువుకు సరిపోయేది, అంతే. దాన్ని తెచ్చి మీ 265 కిలోల కింద పెడితే 1.6 దాటుతుంది. ప్రతి చిన్న అతుకూ నడుముకు తెలుస్తుంది.

ఎత్తు కూడా మారుతుంది. ఆ స్ప్రింగు 350 కిలోల కింద నొక్కుకోవలసినది 265 కిలోల కిందే ఆగిపోతుంది. తేడా 85 కిలోలు, మిల్లీమీటరుకు 2.8 చొప్పున చూస్తే దాదాపు 30 మి.మీ. తన సొంత కారులో కంటే మీ కారులో ఆ స్ట్రట్ 30 మి.మీ. ఎక్కువ సాగి నిలబడుతుంది. ముక్కు పైకి లేచి వెనక భాగం దిగినట్టు కనిపిస్తుంది. కనిపించడం పెద్ద సంగతి కాదు. చక్రం గుంతలోకి దిగడానికి మిగిలే దూరం అంతమేర తగ్గుతుంది, డ్రైవ్ షాఫ్ట్ (ఇంజన్ శక్తిని చక్రానికి అందించే కడ్డీ) కీలు ఎప్పుడూ వంకరగానే తిరుగుతుంటుంది. అప్పుడు చాలామంది చేసే పని స్ప్రింగును ఒక చుట్టు కోసేయడం. దయచేసి ఆ పని చేయొద్దు. చుట్లు తగ్గితే స్ప్రింగు ఇంకా గట్టిపడుతుంది, పైగా కోసిన కొస తన గూట్లో సరిగ్గా కూర్చోదు. వేడి చేసి దించడం అంతకన్నా ప్రమాదం, ఉక్కుకు ఇచ్చిన పదును అక్కడితో పోతుంది.

షాక్ సంగతి కొంచెం వేరు. స్ప్రింగు ఎంత గట్టిదో, పైన ఎంత బరువుందో రెండూ కలిపి చూసి షాక్‌లోని వాల్వులను అమరుస్తారు. చక్రం పైకి వచ్చేటప్పుడు తక్కువగా, కిందికి దిగేటప్పుడు ఎక్కువగా పట్టి ఉంచుతుంది. పైన చెప్పిన లెక్కలోనే పెద్ద కారు షాక్‌ను మీ పాత స్ప్రింగుతో జత చేస్తే దాని పట్టు అవసరానికి మించి మూడో వంతు పైగా ఎక్కువవుతుంది. ఒక గుంత దాటాక చక్రం పూర్తిగా కిందికి తిరిగి రాకముందే తర్వాతి గుంత వస్తుంది. వరుసగా గుంతలుంటే కారు మెల్లగా కిందికి కూరుకుపోతుంది. పెద్ద కారు స్ప్రింగూ షాకూ రెండూ కలిపి వేస్తే ఈ తేడా తక్కువే. అందుకే రెండింట్లో ఒకటే మార్చడం కంటే జతగా మార్చడం నయం అంటారు. అయినా మీ స్నేహితుడి దగ్గరున్నవి వాడిన షాక్‌లు. లోపల సీళ్లు, నూనె ఏ స్థితిలో ఉన్నాయో బయటి నుంచి ఎవరూ చెప్పలేరు. వేరే మోడల్ నుంచి తెచ్చుకునేది ఏదైనా ఇనుప భాగమై ఉండాలి. రబ్బరు, నూనె, గ్రీజు ఉన్నదేదైనా కొత్తదే కొనాలి. నేను ఎవరికైనా చెప్పేది ఇదే.

మాక్‌ఫెర్సన్ స్ట్రట్ గురించి ఇంకో సంగతి తెలియాలి. 1950ల మొదట్లో ఫోర్డ్ కాన్సల్, జెఫిర్ కార్లతో ప్రసిద్ధమైన ఈ అమరికలో స్ట్రట్ కుదుపు ఆపడంతో ఊరుకోదు. చక్రాన్ని నిలువుగా పట్టి ఉంచేదీ అదే, స్టీరింగ్ తిప్పినప్పుడు తిరిగే ఇరుసూ అదే. కాబట్టి కింద నకిల్‌కు (చక్రం హబ్‌ను మోసే ఇనుప భాగానికి) బిగించే రెండు బోల్టుల రంధ్రాలు కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉన్నా చక్రం వాలు మారిపోతుంది. బోల్టు మందం ఒకటేనా, రంధ్రాల మధ్య దూరం ఒకటేనా, నకిల్ చెవి మందం ఒకటేనా, పైన స్టడ్లు ఎన్ని, వాటి మధ్య దూరమెంత, స్టెబిలైజర్ లింకు తగిలించే చెవి ఏ ఎత్తులో ఉంది, బ్రేక్ హోస్ బిగించే క్లిప్పు ఎక్కడుంది, ఏబీఎస్ వైరు పట్టే బ్రాకెట్ ఉందా లేదా, ఇవన్నీ పాతదీ కొత్తదీ పక్కపక్కన నేల మీద పెట్టి టేపుతో, వెర్నియర్‌తో కొలవాలి. రంధ్రం పెద్దదిగా ఉందని సన్న బోల్టు వేయడం, చిన్నదిగా ఉందని ఫైలుతో అరగదీయడం రెండూ వద్దు. ఆ బోల్టులు పట్టు మీద నిలబడతాయి. పట్టు జారితే చక్రం వాలు నడుస్తుండగానే మారుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన కొలతలు రెండున్నాయి, ఎక్కువమంది పట్టించుకోనివీ అవే. షాక్ పూర్తిగా మూసుకున్నప్పటి పొడవు, పూర్తిగా సాగినప్పటి పొడవు. మూసుకున్న పొడవు మీ పాతదానికంటే ఎక్కువైతే, పెద్ద గుంతలో బంప్ స్టాప్ (చివర్లో దెబ్బను ఆపే దిమ్మ) పని మొదలుపెట్టకముందే లోపలి పిస్టన్ అడుగుకు కొట్టుకుంటుంది. ఆ దెబ్బ నేరుగా బాడీలోని స్ట్రట్ టవర్‌కు వెళుతుంది. సాగిన పొడవు ఎక్కువైతే చక్రం వేలాడినప్పుడు స్ప్రింగు వదులై గూడు తప్పవచ్చు, బ్రేక్ హోస్ లాగబడుతుంది, డ్రైవ్ షాఫ్ట్ కీలు దాని హద్దు దాటుతుంది. దీన్ని పరీక్షించడానికి ఖరీదైన పరికరమేమీ అక్కర్లేదు. స్ప్రింగు తీసేసి స్ట్రట్ ఒక్కదాన్నే కారుకు బిగించండి. కారును గట్టి స్టాండ్ల మీద ఉంచి, హబ్ కింద జాక్ పెట్టి చక్రాన్ని పూర్తి కింది నుంచి పూర్తి పైకి మెల్లగా ఎత్తండి. ప్రతి అంగుళం దగ్గరా ఆపి స్టీరింగ్‌ను ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పండి. టైరు ఎక్కడైనా తాకుతోందా, హోస్ మడత పడుతోందా, లింకు తలకిందులవుతోందా చూడండి. వేరే మోడల్ స్ట్రట్ వేసే ఎవరైనా ఈ పరీక్ష చేయకుండా స్ప్రింగు ఎక్కించకూడదని నా గట్టి అభిప్రాయం. మీ మెకానిక్ ఇందుకు ఒప్పుకోకపోతే ఆ పని ఇంకొకరికి ఇవ్వండి.

ఇప్పుడు నేను తీసుకోమన్న స్టెబిలైజర్ బార్. మీరు చెప్పిన మూడు బాధల్లో ఇది ఒక్కదానికే మందు, మలుపులో ఒరగడానికి. రెండు చక్రాలూ కలిసి ఎగిరినప్పుడు బార్ తన బుష్‌లలో ఊరికే తిరుగుతుంది, అందుకే ఊగడాన్ని గానీ ముక్కు దిగడాన్ని గానీ ఆపలేదు. బార్ గట్టిదనం దాని మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. పాతది 20 మి.మీ., కొత్తది 22 మి.మీ. అయితే చూడటానికి తేడా ఏమీ ఉండదు, కానీ 46 శాతం గట్టిది. 24 మి.మీ. అయితే రెట్టింపు దాటుతుంది. ఒక చిక్కుంది, పెద్ద మోడళ్లలో బరువు తగ్గించడానికి బోలు బార్ పెడుతుంటారు. 24 మి.మీ. బోలు బార్ గోడ మందం 4 మి.మీ. అయితే అది మీ 20 మి.మీ. గట్టి బార్ కన్నా 66 శాతమే ఎక్కువ. కాబట్టి బయటి మందం చూసి నిర్ణయించకండి. రెండు బార్ల చేతుల పొడవు కూడా పోల్చండి, చేయి పొట్టిదైతే అదే బార్ ఇంకా గట్టిగా పనిచేస్తుంది. మధ్య బుష్‌లు మాత్రం కొత్త మందానికి సరిపోయేవి కొత్తవే కొనాలి, లింకులు కూడా.

ఇందులో అత్యాశ పడొద్దు. మీది ముందు చక్రాలతో నడిచే కారు అనుకుంటున్నాను. ముందు బార్‌ను మాత్రమే బాగా గట్టిచేస్తే ఒరగడం తగ్గుతుంది గానీ మలుపులో ముందు టైర్లు తొందరగా చేతులెత్తేస్తాయి. స్టీరింగ్ ఎంత తిప్పినా కారు బయటి వైపుకే పోతుంది. వెనక బార్‌ను అతిగా గట్టిచేస్తే దానికి వ్యతిరేకం, తడి రోడ్డు మీద వెనక భాగం జారుతుంది. టోర్షన్ బీమ్ తనంతట తానే మెలితిరిగి కొంతవరకు స్టెబిలైజర్ పని చేస్తుంది కాబట్టి మీ వెనక భాగానికి ఇప్పుడేమీ చేయనక్కర్లేదు. ముందు రెండు మిల్లీమీటర్ల పెంపు వరకు నాకు అభ్యంతరం లేదు. అంతకంటే ఎక్కువైతే నేనైతే వదిలేస్తాను.

లోయర్ ఆర్మ్‌లు కొలిస్తే మూడు రకాలుగా తేలవచ్చు. పొడవు, బుష్ మధ్య దూరాలు, బాల్ జాయింట్ (ఆర్మ్ కొసన చక్రం వైపు ఉండే గుండ్రటి కీలు) పిన్ను శంకువు అన్నీ ఒకటే అయితే ఆర్మ్‌లు తీసుకుని బుష్‌లు, బాల్ జాయింట్లు కొత్తవి వేయించండి. పొడవు ఎక్కువైతే వద్దు. చక్రాల మధ్య దూరం పెరిగి, వాలు మారి, టై రాడ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ) పొడవుతో పొంతన తప్పుతుంది. అప్పుడు ప్రతి గుంతకూ స్టీరింగ్ తిప్పకుండానే చక్రం పక్కకు తిరుగుతుంది. ఇక పిన్ను శంకువు తేడా ఉంటే అక్కడితో మాట ముగించేయండి. సన్న స్లీవు వేసి సరిపెడతాననే వాళ్లున్నారు. ఆ పిన్ను ఊడితే చక్రం ఊడినట్టే.

వేరే మోడల్ భాగాలతో నిజంగా బాగుపడిన కార్లు లేవని చెప్పడం లేదు, చాలా ఉన్నాయి. మొదటి తరం మజ్దా ఎంఎక్స్-5లో ముందు నుంచీ సస్పెన్షన్ పైకి కదిలే దూరం తక్కువ. రెండో తరంలో వచ్చిన పైమౌంట్లు పెట్టుకుంటే ఆ దూరం పెరుగుతుందని ఆ కారువాళ్లు కనిపెట్టి ఏళ్ల తరబడి వాడుతున్నారు. బీఎండబ్ల్యూ ఈ30 వాళ్లు ఈ36 స్టీరింగ్ రాక్ తెచ్చుకుంటారు, స్టీరింగ్ తక్కువ తిప్పితే సరిపోతుందని. అది కూడా నేరుగా కూర్చోదు, కింద స్పేసర్లు పెట్టాలి. ఈ రెండూ విజయవంతం కావడానికి కారణం ఎందరో వేసి, నడిపి, ఎక్కడ ఏమి తాకుతుందో రాసి పెట్టడం. మీ కారుకు, ఆ పెద్ద మోడల్‌కు అలాంటి అనుభవం ఉన్నవాళ్లు దొరికితే నా మాట కంటే వాళ్ల కొలతలే విలువైనవి. మోడల్ పేరును మాత్రం నమ్మకండి. సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ ఎస్‌టీఐ 2004 మోడల్ చక్రం బోల్టులు 100 మి.మీ. వృత్తం మీద ఉంటే 2005 మోడల్‌కు 114.3 మి.మీ. అయ్యాయి. ఒకే కారు, ఒక్క ఏడాది తేడా, హబ్‌లు కలవవు. కంపెనీ విడిభాగాల కేటలాగులో రెండు మోడళ్లకూ ఒకే పార్ట్ నంబరు ఉంటే మాత్రం ఇక అనుమానం పెట్టుకోనక్కర్లేదు.

ఎత్తు మారే పని ఏది చేసినా ఒకటి గమనించండి. పాత కార్లలో కొన్నిటికి వెనక యాక్సిల్ దగ్గర బ్రేకు ఒత్తిడిని తగ్గించీ పెంచీ ఇచ్చే వాల్వు ఉంటుంది. ఒక చిన్న కడ్డీ గానీ స్ప్రింగు గానీ దాన్ని యాక్సిల్‌కు కలుపుతుంది. వెనక భాగం దిగితే బరువు ఎక్కిందనుకుని వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి ఇస్తుంది. మీరు స్ప్రింగులు మార్చి వెనక భాగం దించితే ఖాళీ కారులో కూడా అదే చేస్తుంది, గట్టిగా బ్రేకు వేస్తే వెనక చక్రాలు ముందుగా బిగుసుకుంటాయి. ఆ వాల్వును మళ్లీ సర్దాలి. దించితే ఒరగడం తగ్గుతుందన్న నమ్మకం కూడా స్ట్రట్ ఉన్న కార్లలో పూర్తిగా నిజం కాదు. కారు 30 మి.మీ. దిగితే దాని రోల్ సెంటర్ (కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) అంతకంటే ఎక్కువ దిగిపోతుంది, బరువు కేంద్రానికీ దానికీ మధ్య దూరం పెరుగుతుంది. స్ప్రింగులు మెత్తవే అయితే కారు ముందుకంటే ఎక్కువ ఒరగవచ్చు.

కాబట్టి నా సలహా ప్రకారం మీ పని ఇది: మీ సొంత మోడల్‌కు చేసిన కొత్త షాక్‌లు, పైమౌంట్లు, బంప్ స్టాప్‌లు నాలుగు మూలలకూ, లోయర్ ఆర్మ్ బుష్‌లు ముందు వైపు. స్ప్రింగులు తుప్పు లేకుండా, రెండు వైపులా ఒకే ఎత్తులో ఉంటే అవే ఉంచండి. దానికి తోడు పెద్ద కారు స్టెబిలైజర్ బార్. బార్‌ను మాత్రం షాక్‌లు వేసి కొన్నాళ్లు నడిపాకే బిగించండి. రెండూ ఒకేసారి వేస్తే ఏది ఏమి చేసిందో మీకు తెలియదు. బహుశా బార్ అవసరమే లేదని అప్పుడు మీకు అనిపించవచ్చు.

బిగించేటప్పుడు మెకానిక్ పక్కనే ఉండి రెండు సంగతులు చూసుకోండి. స్ప్రింగు నొక్కే కంప్రెసర్ మంచిదై ఉండాలి, రెండు కొక్కేలూ ఎదురెదురుగా సమానంగా పట్టాలి. నొక్కి ఉన్న స్ప్రింగు జారితే మనిషి ప్రాణం మీదికి వస్తుంది, దాని ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. రెండోది బుష్‌ల బోల్టులు. చక్రాలు గాల్లో వేలాడుతుండగా వాటిని చివరిదాకా బిగిస్తే, కారు నేల మీదికి దిగగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది, కొన్ని నెలల్లోనే చిరుగుతుంది. కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే ఆఖరి బిగింపు, కంపెనీ చెప్పిన టార్క్‌కు. విప్పిన సెల్ఫ్ లాకింగ్ నట్టులు మళ్లీ వాడొద్దు. తర్వాత వీల్ అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల ఎత్తు. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మరోసారి చూడాలి.

మరో మోడల్ బార్ వేసిన సంగతి మీ బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి, మీ దగ్గర రవాణా నిబంధనలు ఏమంటున్నాయో ముందే కనుక్కోండి. పాత బార్‌ను, దాని క్లాంపులను పారేయకుండా ఒక మూల ఉంచండి. వాన పడ్డ రోజున తెలిసిన మలుపులో, ఖాళీ రోడ్డు మీద మెల్లగా నడిపి చూడండి. ముందు టైర్లు జారుతున్నట్టు అనిపిస్తే పాతదాన్నే మళ్లీ బిగించడానికి గంటన్నర పని.